పదకొండు మిల్లీగ్రాముల ప్లాటినం

ప్రయోగశాలలో అందరూ ఆయన్ని త్రాసాయన అనేవారు. ఇరవై రెండేళ్లుగా అక్కడి సున్నితపు త్రాసు ఆయన చేతిలోనే ఉంది. తూచేటప్పుడు తలుపులు మూయించి, ఫ్యాను ఆపించి, తానూ ఊపిరి బిగబట్టేవాడు. ఆ సమయంలో తుమ్మినవాడితో వారం రోజులు మాటలుండవు.

అక్కడి ప్రొఫెసరు గారు ఓ అద్భుతం చేశారు. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయెల్ సెల్‌లో రసాయన చర్యను ఉరికించడానికి ఖరీదైన ప్లాటినం కావాలి. దాని బదులు కార్బన్ నానోట్యూబుల మీద, అంటే కంటికి ఆనని బొగ్గు గొట్టాల మీద, కోబాల్టు రేణువులు అద్దితే చాలన్నారు. మొదట్లో ఆ సరుకు నత్తనడక నడిచింది. గాజు గిన్నెలోని యాసిడ్‌లో ముంచి, కరెంటు రెండో కొసగా ఎదురుగా ప్లాటినం తీగ పెట్టి, రోజుల తరబడి కరెంటు పంపగా పంపగా రెచ్చిపోయి పనిచేసింది. వాడేకొద్దీ పదునెక్కుతుందని ప్రొఫెసరు గారు పేపరు అచ్చేయించుకున్నారు. ఆ తర్వాత ఆయన కాళ్లు నేలమీద ఆనలేదు.

ఏడాది చివర త్రాసాయన ఆ తీగను తూచాడు. పదకొండు మిల్లీగ్రాములు తక్కువ. మూడుసార్లు తూచి, ఉన్నదున్నట్టు రాశాడు. అదే ఆయన కొంప ముంచింది. తీగ దాచే బీరువా తాళం ఉండేది ఆయన దగ్గరే మరి. దొంగతనమని విచారణ వేశారు. రుజువైతే ఉద్యోగం ఊడుతుంది.

"ఇన్నేళ్లలో ఆఫీసు పెన్సిలైనా ఇంటికి తెచ్చిన మొహమా మీది? దొంగతనానికి కూడా కాస్త తెలివుండాలండీ" అంది భార్య. ఓదార్పు అనుకోవాలి కాబోలు.

విచారణలో ఆయన ఒక్కటే అడిగాడు. "తీగ తీసేసి, ఆ చోట గ్రాఫైటు కడ్డీ పెట్టండి సార్. కొత్త సరుకుతో మళ్లీ చేయండి."

చేశారు. పది రోజులైనా అద్భుతం నత్తనడక దాటలేదు. తీగలోని ప్లాటినమే యాసిడ్‌లో కరిగి, మెల్లగా గొట్టాల మీదికి చేరి, కోబాల్టు పేరు చెప్పుకుని చాకిరీ చేసింది. దొంగ గాజు గిన్నెలోనే ఉన్నాడు.

కమిటీ పెద్దలు మొహమొహాలు చూసుకున్నారు. ఇతన్ని దొంగ అనలేరు. ప్రొఫెసరు గారి అద్భుతాన్ని అబద్ధమనడానికి నోరు రాదు. రెండుసార్లు టీ తాగి, ఓ కాగితం ఆయన ముందుకు తోశారు.

"నీ ఉద్యోగానికి ఢోకా లేదయ్యా. త్రాసు తప్పు చూపించిందని రాసేశాం. సంతకం పెట్టు."

దొంగ అన్నప్పుడు కూడా ఆయనకంత కోపం రాలేదు. పెన్నుకి మూత పెట్టేశాడు.

"దొంగనే రాసుకోండి సార్. నా త్రాసు జోలికి మాత్రం రాకండి."