మెయిలు పక్కన జగన్నాథం గారి సైకిలు

నర్సీపట్నం నుంచి తుని వెళ్లడానికి ఇప్పుడు పొద్దున్నా సాయంత్రం మోటారు బస్సులున్నాయి. టిక్కెట్టు కొనుక్కుని, మూటాముల్లే టాపు మీద పడేసి ఓ కునుకు తీస్తే స్టేషను దగ్గర దింపేస్తారు. అలా వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. ఆ దారిని సైకిలు మీద చూడాలనే సరదా ఇంకా ఎవరికైనా మిగిలి ఉంటే, వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పంతొమ్మిదివందల ఇరవైలు ముగింపుకి వస్తున్న రోజుల్లో, మాఘమాసం చలి ఇంకా పోనప్పుడు, మేం చేసిన ప్రయాణం ఇది.

అప్పట్లో ఊరు మొత్తానికి సైకిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బోర్డు స్కూల్లో మాస్టర్ని నేను. ఆసుపత్రి కాంపౌండరు అప్పలరాజు గారు, బెల్లం వర్తకుడు సింహాచలం, ఇంకో ముగ్గురు. ఆదివారం చీకటి విడకముందే కాంపౌండరు గారి వీధి అరుగు దగ్గర చేరేవాళ్లం. గాలి పంపు ఊళ్లో ఆయనకే ఉండేది మరి! ఒకరు గాలి కొట్టడం, ఒకరు గొలుసుకి నూనె పట్టించడం, ఒకరు ఏ పనీ చెయ్యకుండా అందరికీ సలహాలివ్వడం. ఈ చివరి పని సింహాచలానిది. ఆ ఇంటి ఇల్లాలు ఇచ్చిన కాఫీ తాగి, మాకవరపాలెమో కృష్ణదేవిపేటో వెళ్లి, కట్టుకెళ్లిన ఉప్మా తిని, ఎండ ముదరకముందే తిరిగొచ్చేవాళ్లం. మన్యంలో అలజడి ఉన్నన్నాళ్లూ నలుగురు కలిసి సైకిళ్ల మీద కదిలితే పోలీసులు ఆపి ఆరా తీసేవారు. అదంతా సద్దుమణిగాక మా ఆదివారాలు మాకు దక్కాయి. ఎంత బాగుండేవో ఆ ఆదివారాలు!

మాలో ఒక కట్టుబాటు ఉండేది. అందరికంటే నెమ్మదిగా తొక్కేవారు ముందుండాలి, ఆయన్ని ఎవరూ దాటకూడదు. ఆయన దిగితే అందరూ దిగాలి. అలా ఎప్పుడూ ముందుండేవారు దస్తావేజులు రాసే జగన్నాథం గారు. నలభై అయిదు దాటాక సైకిలు కొన్నారాయన. సీటు పట్టుకుని నేర్పింది నేనూ కాంపౌండరు గారూ. నేర్పాం గానీ, వెనక ఇరుసు మెట్టు మీద కాలు పెట్టి ఎగిరి కూర్చోవడం మాత్రం ఆయనకి అబ్బలేదు. మైలురాయో, మట్టిదిబ్బో కనపడితే దాని పక్కన సైకిలు నిలబెట్టి ఎక్కేవారు. ఎక్కాక చేతులు హ్యాండిలుకి అతుక్కుపోయేవి. తల పక్కకి తిప్పితే సైకిలు కూడా అటే తిరిగి పొలంలోకి పోయేది.

ఆ ఆదివారం మేం గాలి కొట్టుకుంటూ ఉండగా ఆయన సైకిలు తొక్కకుండా నడిపించుకుంటూ పరుగున వచ్చారు. రాజమండ్రి వైపు నుంచి బంధువొకాయన అప్పుడే బండి దిగి కబురు చెప్పాడట. జగన్నాథం గారి అప్ప, అంటే అక్కగారు, కొడుకుతో రంగూను వెళ్లిపోతోంది. కొడుక్కి అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తా పని. ఆ ఉదయమే మెయిలు రైలెక్కి వాల్తేరులో దిగి, మర్నాడు ఓడెక్కుతుంది. మెయిలు తునిలో పది దాటాక కాసేపు ఆగుతుంది. అక్కడికి వస్తే ఒక్కసారి చూస్తానని తమ్ముడికి చెప్పమందట.

తల్లి పోయాక ఆయన్ని ఎత్తుకుని పెంచింది ఆవిడే. చిన్నప్పుడు కాలువ మీద దుంగ దాటడానికి కూడా భయపడి ఏడ్చేవాడినని, అప్ప చంకనేసుకుని దాటించేదని ఆయనే చెప్పేవారు. తమ్ముడు సైకిలు తొక్కుతున్నాడని తెలిసి ఆవిడ నమ్మలేదు. నా కళ్లతో నేను చూస్తే గానీ నమ్మను అందట. ఇప్పుడు పంపిన కబురులో ఆ మాట కూడా ఉంది, సైకిలు మీద రమ్మను, చూడాలని ఉంది అని. స్టేషను ఎదట ఖాళీ జాగాలో ఒక్క చుట్టు తిరిగి చూపిస్తానన్నారు జగన్నాథం గారు. ఊళ్లో ఉన్న ఒక్క మోటారూ ఇరుసు విరిగి అనకాపల్లిలో పడి ఉంది. ఎద్దుబండి ఆ వేళకి చేరదు. ఇరవై మైళ్ల పైమాట. కాంపౌండరు గారు పంపు లోపల పెట్టేసి, పదండి అన్నారు.

అయిదున్నరకి బయలుదేరాం. మంచు పట్టిన చెరుకు తోటల మధ్య ఎర్రమట్టి రోడ్డు, పక్కన ఎక్కడో బెల్లం వండుతున్న వాసన. ఈ దారిలో వెళ్లేవాళ్లు ఆ వాసన కోసమైనా మాఘంలో వెళ్లాలి. మొదటి అయిదారు మైళ్లు బాగా సాగాయి. ఈ లెక్కన తొమ్మిదికే తునిలో ఇడ్లీలు తింటామన్నాడు సింహాచలం.

తెల్లగా తెల్లవారి పెద్దవాళ్లు అరుగుల మీదకి రావడం మొదలయ్యాక వచ్చింది చిక్కు. పెద్దవాళ్లు కనపడితే సైకిలు దిగి నడవడం అప్పటి మర్యాద. ఇప్పటి కుర్రాళ్లు చెవి పక్కనే గంట కొట్టుకుంటూ దూసుకుపోతున్నారు, అది వేరే సంగతి. మేమూ దిగేవాళ్లమే. కానీ మాకు తెలిసిన పెద్దవాళ్లు తక్కువ. జగన్నాథం గారికో! పాతికేళ్లుగా చుట్టుపక్కల ఊళ్లన్నిటి అమ్మకాలూ పంపకాలూ రాసిన చెయ్యి అది. వేపపుల్ల నములుతున్న ప్రతి ముసలాయనా ఆయనకి తెలిసినవాడే. దిగడం, దణ్ణం పెట్టడం, రంగూను కబురు చెప్పడం, ఆ తర్వాత ఎక్కడానికి రాయి కోసం వెతుక్కుంటూ నడవడం. వెనక మేం అయిదుగురం ఊరేగింపులా సైకిళ్లు పట్టుకుని నడవడం. కాంపౌండరు గారు ఉండబట్టలేక, ఈ ఒక్క రోజుకి దిగకపోతే ఏమీ అనుకోరండీ అన్నారు. జగన్నాథం గారు నొచ్చుకున్నారు. అప్ప పెంచిన పెంపకం అండీ, పెద్దవాళ్ల ముందు ఎలా కూర్చుంటాను అన్నారు.

నాతవరం దాటేసరికి ఎనిమిదిన్నర. అక్కడ ఒక వృద్ధ కరణం గారు సంగతంతా విని, తన నడుం నొప్పి మర్చిపోయి అరుగు దిగొచ్చారు.

“మీకు బుర్ర ఉందేటండీ? బేగి ఎక్కండి. నేను పట్టుకుంటాను” అని సీటు పట్టుకుని ఎక్కించి, ఇక ముందు ఎవరు కనపడినా దిగొద్దని గట్టిగా చెప్పారు. జగన్నాథం గారు సరేనన్నారు. ఆ తర్వాత మరో నాలుగు చోట్ల దిగారు.

పదిన్నర కావస్తుండగా పాయకరావుపేట కనపడే దూరానికి వచ్చాం. ముందు రైలు కట్ట, దాని పక్కనే బండి బాట. ఊరు దాటి, ఏరు దాటితే తుని. అప్పుడే ఏటి అవతల మెయిలు కూత వేసింది. స్టేషనులోకి వస్తున్న కూత కాదది, బయలుదేరుతున్న కూత.

ఆయన సైకిలు ఆపలేదు. ఆపితే మళ్లీ ఎక్కడానికి అక్కడ రాయీ లేదు, దిబ్బా లేదు. దిగిపోయి కట్ట పక్కన నిలబడండి, కనీసం మీ అప్పని కళ్లారా చూస్తారు అని వెనకనుంచి అరిచాను. ఆయన తల తిప్పకుండానే జవాబిచ్చారు.

“నేను సూడ్డం కాదు మాస్టారూ, అప్ప నన్ను సూడాల. మీరందరూ సూసి నాకు సెప్పండి.”

బాట మీదకి మళ్లించారు. మేం ఆయన వెనక వరసగా వెళ్లాం. మెయిలు వంతెన దిగి, ఇంకా వేగం అందుకోకుండా మాకు ఎదురుగా వచ్చింది. ఇంజను పోయింది, పెట్టెలు ఒకటొకటే పోతున్నాయి. ఆడవాళ్ల పెట్టె కిటికీలోంచి ఒకావిడ భుజం దాకా బయటికి వంగి ఉంది. తునిలో తమ్ముడు కనపడలేదని అప్పటి నుంచీ బయటికే చూస్తున్నట్టుంది.

“జగ్గా!” అని పిలిచింది. చక్రాల చప్పుడులో కూడా స్పష్టంగా వినపడింది.

జగన్నాథం గారి వీపు బిగుసుకుంది. తల తిప్పలేదు, చెయ్యి ఎత్తలేదు. హ్యాండిలు వంకే చూస్తూ గబగబా తొక్కారు. అంత వేగంగా ఆయన తొక్కడం నేనెప్పుడూ చూడలేదు. మెయిలు వెళ్లిపోయింది. మరికొంత దూరం వెళ్లి, సైకిలుతో సహా గడ్డిలో పడిపోయారు. దెబ్బలేమీ తగల్లేదు.

పాయకరావుపేటలో ఒక కాఫీ హోటల్లో కూర్చున్నాం. ఉప్మా బాగుంది, కాఫీ నీళ్లలా ఉంది. అప్ప కోసం ఆయన భార్య కట్టిచ్చిన అరిసెల పొట్లం విప్పి మాకే పంచారు. మేం తింటుంటే ఆయన ఒక్కొక్కరినీ అడిగారు. నవ్వింది అన్నారు కాంపౌండరు గారు. ఏడ్చింది అన్నాడు సింహాచలం. నాకైతే ఒక చెయ్యి నోటి మీద పెట్టుకుని ఉండటమే కనపడింది, అదే చెప్పాను. జుట్టు నెరిసిందా అని అడిగారు. సగం పైగా నెరిసిందండీ అన్నాను. చిక్కిందా అంటే, చిక్కినట్టే ఉందన్నాను. నుదుటి మీద చిన్న మచ్చ ఉండాలి కనపడిందా అంటే, అంత దగ్గర కాదు గదండీ అన్నాను. అవును గదా అన్నారు.

ఎండ వాలాక, మూడింటికి తిరుగుదారి పట్టాం. మళ్లీ అవే అరుగులు, మళ్లీ దిగడాలు. ఈసారి ఎవరమూ విసుక్కోలేదు. నాతవరం కరణం గారు మాకోసం వీధిలోనే నిలబడి ఉన్నారు. అప్పని చూశారా అని అడిగితే, అప్ప నన్ను సూసింది బాబూ అని గొప్పగా చెప్పారు జగన్నాథం గారు. ఎలా ఉందో నన్ను పిలిచి చెప్పించారు.

ఆవిడ మళ్లీ ఈ దేశం రాలేదు. కొన్నేళ్లకి అక్కడే పోయింది. నేను ఆ తర్వాత రైళ్ల మీద చాలా దూరాలు తిరిగాను, పెద్ద పెద్ద ఊళ్లు చూశాను. నా మనసులో నిలిచిన ప్రయాణం మాత్రం తుని దాకా కూడా చేరని ఇదే.

ఆ సాయంత్రం ఊరు ఇంకో మైలుందనగా పొద్దు వాలిపోయింది. రోడ్డు మీద మనుషులు లేరు. నేను ఆయన వెనకే ఉన్నాను. కాసేపటికి ఆయన ముందుకే చూస్తూ అడిగారు.

“మాస్టారూ, అప్ప ఎంతసేపు సూసింది?”

“కనపడినంతసేపూనండీ. పెట్టె దూరమైపోయినా తల బయటే ఉంది. చెయ్యి నోటి మీదనుంచి తియ్యలేదు” అన్నాను.



“పడిపోతాననుకుని ఉంటాది” అన్నారు.

అని, వెక్కివెక్కి ఏడ్చారు. భుజాలు కదులుతున్నాయి, సైకిలు అటూ ఇటూ ఊగుతోంది. మేం అయిదుగురం ఆయన్ని దాటకుండా వెనకే తొక్కుతున్నాం. హ్యాండిలు మీదనుంచి చెయ్యి తీసి కళ్లు తుడుచుకోవడం ఆయనకి చేతకాదు. అలాగే తొక్కుకుంటూ ఊళ్లోకి వచ్చారు.