కమిటీకి వంజరం పులుసు

మా జిల్లా సముద్రతీరం తుపానులు చూసింది, ఉప్పెనలు చూసింది. నా చేతుల మీదుగా వచ్చిన విపత్తు మాత్రం ఒక్కటే. అది పట్టపగలు, షామియానా కింద, అరిటాకుల్లో వచ్చింది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వడం అయ్యాక కాస్త బాధపడండి, నేను ఇంకా పడుతూనే ఉన్నాను.

అప్పట్లో నేను మా ఎంపీగారికి సహాయకుణ్ణి. ఆయన పార్లమెంటులో ఒక కమిటీ సభ్యుడు. మన దేశం అంతర్జాతీయ అణు సంస్థల్లో కూర్చుని ఏమేం ఒప్పుకుని వస్తోంది, వాళ్ళ నిపుణులు ఇక్కడికొచ్చి ఏం తేల్చి పోతున్నారు, అదంతా పార్లమెంటుకు తెలుస్తోందా లేదా అని చూసే కమిటీ. ఆ పేరు చెప్పుకుని కోవూరు బస్టాండులో ఛాతీ విరుచుకుని నడిచేవాణ్ణి. యురేనియం నా చొక్కా జేబులోనే ఉన్నంత గర్వం.

ఆ కమిటీ మా తీరానికే వస్తోందని కబురొచ్చింది. అక్కడ ఒక చేపలు పట్టేవాళ్ళ పాలెం. పక్కనే అణు విద్యుత్ కేంద్రం కడతామని హద్దురాళ్ళు పాతారు. విదేశీ నిపుణులు వచ్చి, ఒడ్డంతా నడిచి, సముద్రపు నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయారు. వాళ్ళేం రాశారో పాలెంలో ఎవరికీ తెలియదు. కలెక్టరాఫీసులో అడిగితే ఢిల్లీ అన్నారు. ఢిల్లీని అడిగితే రహస్యం అన్నారు. ఆ నివేదికను తెప్పించే అధికారం ఈ కమిటీకి ఉంది. సమావేశంలో ఒక్క సభ్యుడు నోరు తెరిచి అడిగితే చాలు.

పాలెం తరఫున నాతో మాట్లాడింది మంగమ్మక్క. చేపలమ్ముకునే మనిషి, అక్కడి ఆడవాళ్ళ సంఘానికి పెద్ద.

"మమ్మల్ని ఈడ్నించి లేపేస్తారంట గదా అబ్బయా. ఆ దొరలు మా నీళ్ళు చూసి ఏం చెప్పినారో అది చదివి వినిపించమను. ఆ తర్వాత లేపేదీ లేపందీ మాట్లాడుకుందాం" అంది.

"మా సారు చేత అడిగిస్తా గదక్కా! ఒకే ఒక్క మాట. బట్టీ కూడా పట్టించినాను."

"అట్నే. ముందు మీటింగు కానీ. అది అయినాక కూడు పెడతాం. మేము వల లాగే ముందు కడుపునిండా తినం."

ఇక్కడే నాలోని బుచ్చిరెడ్డిపాలెం లేచి కూర్చుంది. మా సొంతూరు అదే, వరి పండించే వంశం. మా వైపు గడప తొక్కిన మనిషిని ముందు ఆకు ముందు కూర్చోబెడతాం, ఎందుకొచ్చావని తర్వాత అడుగుతాం.

"ఢిల్లీ నుంచి వచ్చే పెద్దోళ్ళక్కా! ఎండన పడి వస్తారు. ఆకలి మీద ఉన్నోళ్ళు మన మాట వింటారా?"

"తిన్నోళ్ళు వింటారా?"

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు పాలెంలో ఒక్క చేప కూడా అమ్మలేదు. పొద్దున పడిన వంజరమంతా కమిటీకే. మంగమ్మక్క స్వయంగా పులుసు పెట్టింది, మామిడికాయ ముక్కలు వేసి. మొలగొలుకుల బియ్యం నేను మా ఇంటి నుంచి మోసుకుపోయాను, నా విపత్తుకు నేనే కూలీనై. కార్లు ఆగాయి, ఆకులు పడ్డాయి. అణు విభాగం తరఫున వచ్చిన అధికారి ఒక్కడే మజ్జిగ తాగి ఊరుకున్నాడు. మిగతావాళ్ళు చొక్కా చేతులు పైకి మడిచారు. మా సారు మూడోసారి పులుసు పోయించుకున్నప్పుడైనా నాకు అనుమానం రావాలి కదా? రాలేదు. గరిటె పట్టుకుని, "ఇంకొక్క ముక్క సార్" అంటున్నది నేనే.

తర్వాత సమావేశం. అధ్యక్షుడిది పక్క రాష్ట్రం, వచ్చీరాని తెలుగు. "కోరం ఉంది, ప్రారంభిద్దాం" అన్నాడు, గడ్డం ఛాతీ మీద ఆనించాడు. సముద్రపు గాలి హాయిగా వీస్తోంది. అధికారి అంతర్జాతీయ ప్రమాణాల గురించి చదవడం మొదలుపెట్టాడు. రెండో పేజీకి వచ్చేసరికి కోరం మొత్తం గురక పెడుతోంది.

నేను మా సారు వెనక్కి చేరాను. "సార్, మనం అనుకున్న ఆ మాట..."

"ఊఁ" అన్నాడాయన, కళ్ళు తెరవకుండా.

ఇక ఆగలేక మంగమ్మక్క లేచి నిలబడింది. "అయ్యా, ఆ విదేశీ దొరలు మా నీళ్ళ గురించి ఏం రాసినారు?"

అధ్యక్షుడు ఒక కన్ను తెరిచాడు. "అమ్మా, మీరు అడగకూడదు. సభ్యులు మాత్రమే అడగాలి. అది నియమం."

"అయితే లేపండయ్యా వాళ్ళని! అడిగే హక్కున్నోళ్ళు నిద్రపోతుండారు. మెలకువగా ఉన్నోళ్ళకేమో హక్కు లేదంటుండారు. ఎట్ల బతికేది మేము?"

షామియానా కింద ఎవరూ నవ్వలేదు. పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ ఆడవాళ్ళు మా సారునే చూస్తున్నారు. నేను వంగి ఆయన తొడ మీద గట్టిగా గిల్లాను.

ఆయన ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు. "అధ్యక్షా! నేనొక ప్రశ్న అడగదలిచాను."

రికార్డు రాసే అతను సర్దుకుని కూర్చున్నాడు. మంగమ్మక్క రెండు చేతులూ జోడించింది.

"మధ్యాహ్నం పెట్టింది వంజరమా, చందువా?"

అధికారి వెంటనే లేచాడు. "వంజరం సార్."

అణు విభాగం వాళ్ళు ఫైలు చూడకుండా, తడుముకోకుండా పార్లమెంటుకు జవాబు చెప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"సంతోషం. సభ్యులకు ఇంకేం ప్రశ్నలు లేవు కనుక సమావేశం ముగిసింది" అన్నాడు అధ్యక్షుడు. కార్లు దుమ్ము లేపుకుంటూ పోయాయి. ఆ కమిటీ గడువు తీరిపోయింది. దాని స్థానంలో వచ్చిన కమిటీ మా వైపు రాలేదు. హద్దురాళ్ళు మాత్రం పాలెం వైపు ఇంకాస్త జరిగాయి.

మంగమ్మక్క నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మిగిలిన పులుసు క్యారియర్‌లో పోసి నా చేతికిచ్చింది. "తీసకపో అబ్బయా. వడ్డించేదాంట్లో పడి నువ్వు తినలేదు."

చేపల పులుసు మర్నాటికి ఇంకా రుచెక్కుతుందని నెల్లూరు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. సిగ్గు లేకుండా తిన్నాను. ఇంతా చేసి, తిన్నాక నేనూ నిద్రపోయాను.

అందుకని, పెన్న సాక్షిగా, మొలగొలుకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా, అడగవలసింది అడగనిదే ఏ ప్రజాప్రతినిధికీ ఆకు వేయను. మంచినీళ్ళు ఇస్తాను, అదీ అర గ్లాసు. ఈ మాట ఫోన్లో మంగమ్మక్కకు కూడా గంభీరంగా చెప్పాను.

ఆమె అంతా విని, ఎప్పుడు ఫోన్ చేసినా అడిగేదే అడిగింది.

"అది సరే అబ్బయా. మీ సారు లేచినారా?"