సహియాకు చెప్పని కబురు

అమ్మ పోయినప్పుడు ఆమె ఫోన్‌లో ఉన్న ప్రతి నంబరుకూ నేనే చేశాను. వైజాగ్‌లో చుట్టాలకు, చర్చివాళ్ళకు, ఎప్పుడో మానేసిన పాలాయనకు కూడా. ఎవరినీ మరిచిపోలేదని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆరు నెలల తరవాత మిన్నీ బే స్టాపు దగ్గర బస్సు కండక్టరు నన్ను ఆపి, ఒక గుడ్డమూట చేతిలో పెట్టాడు.

"కొండమీది ఊరినుంచి వచ్చింది దీదీ. మీ అమ్మకి ఆవిడ సహియా పంపింది."

మూటలో కాఫీ గింజలు. ఏటా ఈ రోజుల్లో వచ్చేవే. అక్కడే నిలబడిపోయాను. అమ్మ లేదన్న సంగతి ఆ సహియాకు తెలియదు.

పెళ్ళికి ముందు అమ్మ తుష్నాబాద్ అవతల మొక్కల నర్సరీలో కూలికి వెళ్ళేది. అక్కడ ఆమెకు ఒక రాంచీ పిల్లతో స్నేహం కుదిరింది. ఆ పిల్ల తల్లిదండ్రులు అడవి కొట్టడానికి రాంచీ నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చిన ఆదివాసులు. ఆ పిల్ల ఊళ్ళో కర్మ అనే వాళ్ళ పండుగనాడు ఇద్దరూ ఒకరి తలలో ఒకరు పువ్వు పెట్టుకుని సహియాలయ్యారు, అంటే జన్మంతా విడిపోని నేస్తాలు. అలా అయ్యాక ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, చచ్చేదాకా. ఆవిడ పేరేమిటని చిన్నప్పుడు అడిగితే అమ్మ నా మూతి మీద ఒక్కటిచ్చింది. అందుకే మా ఇంట్లో ఎవరికీ ఆ పేరు తెలియదు. ఆమెకు ఫోనూ లేదు. అయితే ఇవన్నీ నేను వెతుక్కున్న సాకులు. కండక్టరు చేత కబురు పంపితే సరిపోయేది. ఆమె నాకు గుర్తే రాలేదు, అంతే.

కండక్టరును దారి అడిగి, ఆదివారం చర్చి ఎగ్గొట్టి ఆమె ఊరికి బయలుదేరాను. బస్సు దిగి జీపెక్కి, జీపు దిగి నడిచాను. నా ఒళ్ళు కొండలెక్కే ఒళ్ళు కాదు. ఊళ్ళోకి వెళ్ళేసరికి ఆయాసంతో మాట రావడం లేదు. కండక్టరు చెప్పిన మొదటి ఇంటి ముందే ఒక నడివయసావిడ ఇత్తడి చెంబుతో ఎదురొచ్చి నా చేతుల మీద నీళ్ళు పోసింది.

"కాఫీ తోట చూడ్డానికా దీదీ? ఒక్కరే వచ్చారా? ఒక్కరికైతే నాచ్ ఆడి చూపించరు."

ఈమధ్య టూరిస్టులు వస్తున్నారట. కాదు, చావు కబురు తెచ్చాను అని చెప్పాల్సింది. తల ఊపాను. నోటి దురుసుకి మా వీధిలో నాకు పేరుంది కానీ ఆ పూట నా అంత పిరికిది ఇంకొకతె ఉండదు. వాకిట్లో ఆవిడ అత్తగారు, ఒక ముసలామె, చేటలో గింజలు ఏరుతోంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి మళ్ళీ చేటలోకి వంగింది. ఆమే అని తెలిసిపోయింది. అయినా కోడలి వెనకాలే తోటలోకి నడిచాను.

వక్క చెట్ల నీడలో కాఫీ మొక్కలు. ఎర్రటి పండు నోట్లో వేసుకోమంటే వేసుకున్నాను. తియ్యగా, జిగురుగా ఉంది. తోట చివర చదునుగా తొక్కిన నేల చూపించి, కర్మ రాత్రి ఊరంతా చేతులు పట్టుకుని ఆడేది ఇక్కడే అంది కోడలు. పువ్వు పెట్టుకున్న అమ్మ ఎక్కడ నిలబడి ఉంటుందా అని ఆ నేలంతా వెతికాను. అమ్మకు ఇంత ఊరుంటే నేను ఒక్కసారి కూడా ఎందుకు రాలేదో. సిగ్గేసింది.

తిరిగి వచ్చాక ముసలామే బెల్లం వేసిన కాఫీ గ్లాసు ఇచ్చింది. గ్లాసు అందుకుంటుంటే నా చీర అంచు పట్టుకుంది. ఎర్రంచు తెల్ల నూలు చీర. అమ్మ పెట్టెలో మడత విప్పకుండా దొరికింది. ఎక్కడానికి తేలిగ్గా ఉంటుందని కట్టుకున్నాను.

"ఎప్పుడెల్లిపోనాది నీ మా, నా సహియా?"

అచ్చం అమ్మ మాటే. అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు కదా. ఆ యాస వినక ఆరు నెలలైంది. జవాబు చెప్పడానికి ముందే ఏడ్చేశాను.

"మీకెలా తెలిసింది మౌసీ?"

"ఈ చీర నాది బేటీ. ఇద్దరం ఒక్కరోజే అబర్దీన్ బజార్‌లో జత కొన్నాం. ఎవులు ముందెల్తే రెండో సహియా తెచ్చి కప్పాలని. ఇది నాకు కప్పడానికి నీ మా దాచింది. నీ ఒంటిమీద కొండెక్కిందంటే, ఇంకేటుంది?" అంది. "వచ్చినప్పుడే చూసినాను. నువ్వే చెప్తావని ఊరుకున్నాను."

లోపలికి వెళ్ళి తన చీర తెచ్చింది. అదే అంచు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, నా సహియాకి ఎవులు కప్పినారు అని అడిగింది. చర్చివాళ్ళు తెచ్చిన తెల్ల చీర కప్పాం అన్నాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మరి దీన్నేటి చేసుకోను?" అంది.

చీర ఇటివ్వండి, సమాధి మీద నేను పరుస్తాను అన్నాను. ఆమె ఇవ్వలేదు. చెప్పులేసుకుని లేచింది. "నేనే కప్పాల. పద."

మోకాళ్ళ నొప్పులున్నాయని కోడలు ఆపబోయింది కానీ ఆమె వినలేదు. నా భుజం పట్టుకుని కొండ దిగింది. నాలుగడుగులకోసారి ఆగాం. బస్సులో కిటికీ పక్కన కూర్చుని చీర ఒళ్ళో పెట్టుకుంది.

"నీ మా ఎల్లిన రోజు వానా?" అంది.

"అవును మౌసీ. పొద్దుటినుంచీ."

"అయితే చలేసుంటాది నా సహియాకి," అంటూ చీరను రెండు చేతులతో గుండెలకు హత్తుకుంది.