ఫైరింగ్ క్యాంపుకు పోయిన ఆడపిల్ల

నిన్న కుట్టుమిషన్‌కు నూనె వేస్తుంటే రైఫిల్ వాసన వచ్చినట్టనిపించింది. అరవైలలో జడ్చర్ల బళ్లో ఎన్‌సీసీ క్యాడెట్లుగా చేరిన ఆడపిల్లలం ఆరుగురమే. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఖాకీ బట్టలు ఇస్త్రీ చేసుకునేవాళ్లం. నా ఈడు వాళ్లకు గుర్తుందా?

మాది గొర్రెలు కాసే ఇల్లు. ఫైరింగ్ క్యాంపుకు పోతానంటే బాపు ఒప్పుకోలేదు.

"ఆడిపిల్లకు తుపాకేందే? రేపు నిన్నెవడు చేసుకుంటడు?"

బాపును కన్న మా అవ్వ అందుకుంది. "తోడేలొస్తే గొడ్డలి పట్టుకోని మందకాడికి నేను ఉరకలేదా? అప్పుడు నేను ఆడిదాన్ని గాదా? పోనియ్యిరా."

బాపు ఆమెకు ఎదురు చెప్పలేదు కానీ, నాతో మాట్లాడటం మానేశాడు.

క్యాంపులో నేల మీద బోర్లా పడుకుని అయిదు గుండ్లు కాల్చాను. మొదటిది ఎటు పోయిందో తెలియదు. మిగతా నాలుగూ కాగితం మీది నల్లటి వలయంలోనే పడ్డాయి. ఆ కాగితాన్ని తెచ్చి బాపు ముందు పెట్టాను. ఆయన చిల్లుల మీద వేలు పెట్టి చూశాడు. మడిచి తలరుమాల్లో దోపుకున్నాడు.

అంగడినాడు గొర్రెలు కొనేవాళ్ల నడుమ దాన్ని విప్పి, "గిది నా బిడ్డ కొట్టింది" అన్నాడని మా మేనమామ చెప్పాడు.

నాతో మాత్రం బాపు ఆ మాట ఎన్నడూ అనలేదు.