వియన్నాలో మనవాళ్ళు

పోయిన ఆదివారం భోజనాలయ్యాక మా మనవరాలు తన ఫోన్‌ను నా కళ్ళజోడుకు ఆనించినంత దగ్గరగా పట్టుకుని యూరప్ మొత్తం చూపించింది. పారిస్‌లో విమానం దిగడం, అక్కడి నుంచి రైల్లో జూరిక్, జూరిక్ నుంచి మంచుకొండల మీదుగా వియన్నా, వియన్నా నుంచి వెనిస్. నాలుగు దేశాల మీదుగా ఒక నీలం గీత. ఉద్యోగంలో చేరాక దొరికిన మొదటి పెద్ద సెలవుకు అమ్మమ్మనూ తాతనూ వెంటబెట్టుకుని పోతానని పట్టుబట్టింది పిల్ల. నేను కాస్త గొంతు సవరించుకుని, ఈ దారి నాకు కొత్తేమీ కాదమ్మా, మీ అమ్మ పుట్టకముందే నేనూ మీ అమ్మమ్మా ఇదే దారిలో రైలు ప్రయాణం చేశాం అన్నాను. పిల్ల నోరు తెరిచింది. లోపలి నుంచి మా ఆవిడ గొంతు వినబడింది. "గీయన కోతలు ఇనకు బిడ్డా. పాస్‌పోర్టే మొన్న మొన్న అచ్చింది."

నా ఈడు పాఠకుల దగ్గర దాచడం ఎందుకు? ప్రయాణం చేసిన మాట నిజం. హైదరాబాద్ పాతబస్తీ శాలిబండలో మా పాత ఇంటి మధ్యగది గడప దాటని మాట కూడా నిజమే.

అప్పటికి నేను సర్కారు ఫ్యాక్టరీలో చేరి కొన్నేళ్ళయింది. ఇంటి వెనక రెండు బర్రెలుండేవి. మా ఆవిడ పాల వ్యాపారం చేసే ఇంటి పిల్ల కాబట్టి వాటి బాగోగులన్నీ తనవే. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. మూడోసారి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: కాన్పు అయ్యేదాకా మంచం దిగొద్దు, దిగితే ఈసారీ దక్కదు. చెప్పడం సులువే. పుట్టినప్పటి నుంచి ఒకచోట కూర్చోని మనిషిని పడుకోబెట్టడం ఎవరి తరం? నాలుగోనాడే దూడ అరిచిందని లేచి పెరట్లోకి పోయింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పొట్ట పట్టుకుని గోడకు ఒరిగి కూర్చుని ఉంది. రిక్షాలో ఆసుపత్రికి తీసుకుపోయాను. దేవుడి దయ వల్ల బిడ్డ నిలిచింది. బర్రెల్ని మా మామగారి పాకకు తోలించేశాను గానీ, ఆమె కళ్ళల్లో చేరిన భయాన్ని ఎక్కడికి తోలాలో తెలియలేదు. పడుకుంటే అదే ఆలోచన, ఆలోచన భరించలేక మళ్ళీ లేవబోవడం.

ఆ వారమే ఆబిడ్స్‌లో రోడ్డు మీద పరిచిన పాత పుస్తకాల్లో యూరప్ రైళ్ళ టైంటేబుల్ ఒకటి కనబడింది. లోపల మడతపెట్టిన పెద్ద పటం. అది ఎన్నేళ్ళ కిందటిదో, అందులోని బండ్లు ఇంకా నడుస్తున్నాయో లేదో ఆ పరమాత్ముడికే తెలియాలి. పటాన్ని మంచం ఎదుటి గోడకు అంటించి, ఇది మంచం కాదు, కింది బెర్త్, మనం యూరప్ పోతున్నాం, బండి నడుస్తుంటే దిగకూడదు, అని షరతు పెట్టాను. ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. కాసేపయ్యాక పటం వైపు చూసింది. ఆ తర్వాత అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మరి తిండి ఎట్ల? వియన్నాల మనోళ్ళు ఎవరున్నరు?"

ఈ కాలం పిల్లలకు ఇది నవ్వులాటగా ఉంటుంది. మా రోజుల్లో రైలు ప్రయాణమంటే టికెట్టు తర్వాతి మాట. ముందు ఏ స్టేషన్‌లో ఎవరున్నారో చూసుకునేవాళ్ళం. కాశీకి పోతే కాజీపేటలో పెద్దమ్మ పులిహోర క్యారియర్‌తో ప్లాట్‌ఫారం మీద నిలబడేది, బల్లార్షాలో మేనమామ రొట్టెలు తెచ్చేవాడు. కిటికీ ఊచల్లోంచి చేతులు పట్టుకుని, పిల్లల బుగ్గలు గిల్లి, ఏడ్చి, నవ్వి, బండి కదిలితే దాని వెంట నాలుగడుగులు నడిచేవాళ్ళు. కాశీ విశ్వేశ్వరుడి దర్శనం కన్నా ఆ ప్లాట్‌ఫారం దర్శనాలే నాకు ఎక్కువ గుర్తు. అటువంటి వాళ్ళం, యూరప్ పోయినా అలాగే పోతామనుకున్నాం.

కాబట్టి మావాళ్ళందరినీ యూరప్‌లో కాపురం పెట్టించాం. ధూల్‌పేటలో వినాయకుడి విగ్రహాలు చేసే ఇంటి కోడలైన మా మేనత్తకు పారిస్ ఇచ్చాం. చేతులకు ఎప్పుడూ మట్టే ఉన్నా, గడప దాటిందంటే జరీ అంచు చీర కట్టకుండా ఉండదు కనుక. సంతోష్‌నగర్‌లో ఉండే మా వదిన, అంటే మా ఆవిడ పెద్దక్క, జూరిక్. గడియారాల దేశానికి ఆమె కన్నా తగినవాళ్ళు లేరు; పెళ్ళికి పిలిస్తే పందిరి వేసేవాళ్ళకన్నా ముందు వచ్చే మనిషి. వియన్నా ఖాళీగా ఉండిపోయింది.

ఆట మొదట్లో మా ఇద్దరిదే. కానీ తిండి కష్టం నిజంది. ఇంట్లో పెద్దదిక్కు ఆడమనిషి లేదు. ఆ నెలలన్నీ నేనే వండిపెట్టానని ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. నిజం చెప్పమంటే, ఒక్కరోజు కిచిడీ చేశాను. బర్రెలుండి ఉంటే అవి కూడా మొహం తిప్పుకునేవి. పలకరించడానికి వచ్చిన మేనత్త ఆ గిన్నె చూసి, తర్వాత గోడ మీది పటం చూసి, సంగతి అడిగి తెలుసుకుని పడీపడీ నవ్వింది. మర్నాడు సాయంత్రం జరీ చీరలో వచ్చి గుమ్మంలో నిలబడి "పారిస్ అచ్చింది, గిన్నెలు పట్టుర్రి" అని క్యారియర్ చాపింది. మూతలు తీస్తే జొన్నరొట్టెలు, పుంటికూర, అదే గోంగూర. ఆ కబురు సంతోష్‌నగర్ చేరింది. ఇక జూరిక్ క్యారియర్ మేం ఆకలి అనకముందే రావడం మొదలుపెట్టింది.

వియన్నా సంగతి పక్కింటి ఖాలా తేల్చింది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని; ఆ ఇంటి పెద్దావిడను అందరం అలాగే పిలిచేవాళ్ళం. మా రెండిళ్ళ మధ్య ఉన్నది నడుమెత్తు గోడే. ఇటు మాటలు అటు వినిపించేవి. ఒకరోజు గోడ మీంచి తల ఎత్తి "అరే బేటీ, సబ్ కో స్టేషన్ దియే, మేరే కో నై?" అని, అందరికీ స్టేషన్లిచ్చి తనకివ్వలేదేమని నిష్ఠూరమాడింది. వియన్నా ఉందమ్మా అంటే "నాగ్‌పూర్ కే బాద్ ఆతా క్యా?" అని అడిగింది. అవును, నాగ్‌పూర్ దాటి బాగా తర్వాత, అన్నాను. మా ఇంట్లో మాంసం తినని రోజులు ఏవో ఆమెకు మా కన్నా బాగా తెలుసు. ఆ రోజుల్లో గోడ మీంచి ఖట్టీ దాల్, బగారా అన్నం; మిగతా రోజుల్లో మాంసం వేసిన దాల్చా.

ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదన్నది మా ఇళ్ళల్లో తరతరాల పట్టింపు. మంచం మీది మనిషి ఏం పెట్టి పంపుతుంది? గిన్నెలో చిటికెడు పంచదార నాచేత పెట్టించి పంపేది, పంపిన ప్రతిసారీ ముఖం చిన్నబుచ్చుకునేది. ఒక సాయంత్రం పటంలో చివరి చుక్క మీద కర్ర పెట్టి, మరి వెనిస్ ఎవరికి ఇద్దాం అన్నాను. "ఎవ్వరికద్దు. వెనిస్‌ల బండి దిగుతం గద. అందర్ని పిలిచి నేనే వండుత" అంది. దిగుతాం అన్న మాట ఆ నోటి నుంచి వచ్చి ఎన్ని రోజులయిందో! పటం వైపు తిరిగి, ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాను.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో నేను మరీ రెచ్చిపోయి, ఆల్ప్స్ మంచు ఎంత తెల్లగా ఉంటుందో కళ్ళారా చూసినట్టు వర్ణించేవాణ్ణి. నేను చూసిన తెలుపల్లా ఆ గోడ సున్నమే.

బండి వియన్నా దాటి వెనిస్ చేరకముందే నొప్పులు వచ్చాయి. ఆసుపత్రి వరండాలో నేను ధైర్యంగా నిలబడ్డానని రాద్దామనుకున్నాను. మా ఆవిడ ఇది చదువుతుంది కాబట్టి, నా కాలి చెప్పు బెంచీ కింద పడితే పక్క బెంచీ కింద వెతికానని రాస్తున్నాను. లోపలి నుంచి ఏడుపు వినబడింది. ఇద్దరూ బాగున్నారని నర్సమ్మ చెప్పి పోయింది. నేను లేవలేకపోయాను. క్యారియర్ పట్టుకుని పక్కనే కూర్చున్న ఖాలా నా భుజం తట్టి "ఉతరో మియా, స్టేషన్ ఆగయా" అంది. దిగు నాయనా, స్టేషన్ వచ్చింది, అని.

ఆ పుట్టిన పిల్ల కూతురే ఇప్పుడు ఫోన్లో యూరప్ పట్టుకుని కూర్చుంది. దాని ఏర్పాట్లలో ఒక్క లోపం లేదు. బండి మారడానికి ఎంత వ్యవధి, ఏ పెట్టె, ఏ సీటు, ఏ పూట ఏ హోటల్, అన్నీ కుదిర్చింది. అంతా విని మా ఆవిడ అలవాటుగా అడిగింది, వియన్నాల మనోళ్ళు ఎవరున్నరు అని. "ఎవరూ అక్కర్లేదు అమ్మమ్మా, అన్నీ బుక్ చేసిన, నువ్వు ఫికర్ చెయ్యకు" అంది పిల్ల. తప్పేం లేదు. కానీ నేనూ మా ఆవిడా ఒకరినొకరం చూసుకున్నాం. పారిస్ మేనత్త పోయి చాలాకాలమైంది. జూరిక్ వదిన ఉంది గానీ, మొన్న చూడబోతే మమ్మల్ని ఎవరు మీరని అడిగింది. వియన్నా ఉన్నచోట మూడంతస్తుల మేడ లేచింది. ఖాలా పోయాక పిల్లలు అమ్ముకుని వెళ్ళారు. నడుమెత్తు గోడ ఇప్పుడు తల ఎత్తి చూసినా అందనంత గోడ.

మా ఆవిడ ఫోన్ వైపు వంగి "వెనిస్‌ల రూముల పొయ్యి ఉంటదా?" అని అడిగింది. ఉండదంది పిల్ల. అయితే ఉండేది చూడమంది. మా అమ్మాయి పేరు పెట్టిన నాటి నుంచి ఆ ముగ్గురికీ ఎన్నిసార్లు వండిపెట్టావు, ఇంకా బాకీ ఏముందని నేనంటే, "గదంత శాలిబండల, వెనిస్‌ల కాదు" అని ఒక్క మాటతో నోరు మూయించింది. పిల్ల గొణుక్కుంటూనే ఆ హోటల్ రద్దు చేసి, వంటగది ఉన్న ఇల్లు వెతికింది.

చుట్టాలకు పది దేశాలని చెప్పాను. నాలుగే అని మీకు ముందే చెప్పేశాను కదా. నిన్న మా ఆవిడ అటక మీంచి నాలుగు గిన్నెల క్యారియర్ దింపించి చింతపండు పెట్టి తోముతోంది. పోయేది ముగ్గురం, ఇంత పెద్దది ఎందుకు అన్నాను. తల ఎత్తకుండానే "వెనిస్ స్టేషన్‌కు పట్కపోత. ఎవరన్న దిగుతరేమో" అంది.

అప్పుడు ఎక్కడికీ పోకుండానే యూరప్ పొడుగునా మాకోసం నిలబడ్డవాళ్ళున్నారు. ఇప్పుడు క్యారియర్ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడే వంతు మాకు వచ్చింది. మేనత్త, వదిన, ఖాలా: ఏ బండిలో చూస్తాం వాళ్ళను?