మా బావి నీళ్లలో ఫైటర్ చేప

నాకు అనుమానం ఎక్కువ. పాలవాడు చెంబు కాస్త వంచి పోస్తే నీళ్లు కలిపాడనుకుంటాను. ఎవరైనా ఊరికే నవ్వితే ఏదో అడగడానికే వచ్చారనుకుంటాను. ఈ గుణం వల్ల కొన్నిసార్లు బాగుపడ్డాను కూడా. అరవై తొమ్మిదిలో ఒక చేప విషయంలో మాత్రం నా అనుమానం నన్నే ముంచింది.

అప్పుడే చేవెళ్లలో టీచరుగా చేరాను. నేను కిరాయికున్న ఇంట్లో పక్క వాటాలో పశువుల డాక్టరు, ఆయన భార్య ఉండేవారు. కోస్తా నుంచి వచ్చినవాళ్లు, పిల్లలు లేరు. ఆమెను నేను అక్కా అనేదాన్ని. దోసెలు వేసినప్పుడు రెండు నాకు పక్కన పెట్టేది. ఆ దోసెలు తింటూ కూడా ఈవిడకు నాతో ఏం పనిపడిందో అని ఆలోచించేదాన్ని. ఆమె గాజు సీసాలో ఒక ఫైటర్ చేపను పెంచేది. వేలెడంత ఒళ్లు, దానికంటే పెద్ద తోక, నిలువెల్లా నీలం. పొద్దున లేచి దానితో మాట్లాడాకే మొగుడికి కాఫీ ఇచ్చేది.

ఆ ఏడాది తెలంగాణ గొడవల్లో బడులు మూతపడ్డాయి. ఇన్నాళ్లూ కలిసి టీ తాగినవాళ్లు మీరు, మేము అని విడిపోయారు. ఒకరోజు డాక్టరు గారి గోడ మీద ఎవరో బొగ్గుతో వెళ్లిపొమ్మని రాశారు. ఆయన భయపడి భార్యను పుట్టింటికి పంపేయాలని నిర్ణయించాడు. అంత దూరం ఆ చేప బతకదు. నేనెలాగూ మొయినాబాద్‌లో మా ఇంటికి వెళ్తున్నాను కాబట్టి ఆమె దాన్ని నా చేతిలో పెట్టింది.

"జాగ్రత్త చెల్లీ. పెద్ద జాడీలోకి మార్చేటప్పుడు ఈ నీళ్లు పారబోయకు. మీ నీళ్లు ఒక్కసారే పోయకు, గ్లాసు గ్లాసు కలుపు. ఈ ఆకు మాత్రం తియ్యకు" అంది. నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. అడుగున ఏదో ఎండుటాకు. కళ్లు తుడుచుకుంటూ ఇంకో మాట కూడా అంది: "నాకున్నది ఇదొక్కటే."

నాకు ఆ చివరి మాట కంటే 'మీ నీళ్లు' అన్నదే చెవిలో పడింది. బస్సు ఎక్కాక కూడా అదే గుచ్చుకుంటూ ఉంది. మా నీళ్లకు ఏమైంది? మా బావి నీళ్ల కోసం సురంగల్ నుంచి కూడా బిందెలతో వచ్చేవారు. దారిలో కుర్రాళ్లు బస్సును ఆపి, నా ఒళ్లో సీసా చూసి, యాసిడ్ అనుకుని చుట్టుముట్టారు. ఒకడు ముఖం దగ్గర పెట్టి చూశాడు. చేప మొప్పలు విప్పి వాడి మీదికి ఉరికింది. "దీనికి మనకంటే కోపమున్నదిరా" అని నవ్వి బస్సును వదిలేశారు.

ఇంటికి రాగానే అవ్వ, అంటే మా అమ్మ, సీసా చూసి వెనక్కి జరిగింది. "గా ఆకేందే? నీళ్లల్ల ఆకేసి ఇచ్చిందా? పిల్లలు లేనామె. ప్రార్థన చేసుకునే ఇంట్ల గిసొంటియి పెట్టొద్దు, బయట పారెయ్యి." నేను చదువుకున్నదాన్ని, టీచర్ని. చేతబడి అనే మాటకు నవ్వాలి. నవ్వలేదు. ఆమె పెట్టిన దోసెలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కిరాణా కొట్టు నుంచి తెచ్చిన పిప్పరమెంట్ల జాడీని బూడిదతో తోమి, అప్పుడే చేదిన బావి నీళ్లతో అంచుదాకా నింపాను. సీసాలో నీళ్లు కరివేపాకు చెట్టు మొదట్లో కుమ్మరించాను. ఆకు పెంట మీద విసిరేశాను. చేపను జాడీలో వేసి, మా నీళ్ల సంగతి ఇప్పుడు చూడు అనుకున్నాను.

తెల్లారేసరికి అది అడుగున పక్కకు ఒరిగి ఉంది. రెక్కలు ఒంటికి అంటుకుపోయాయి. నీలం వెలిసి పాత గుడ్డలా అయింది, తోక పీలికలు పీలికలుగా ఊడుతోంది. అప్పుడైనా తప్పు నాదే అనుకున్నానా? లేదు. రోగపు చేపను అంటగట్టి, చస్తే మా మీద నింద వేయాలని చూసిందనుకున్నాను. గట్టిగా పైకే అన్నాను కూడా.

పళ్లు తోముకుంటున్న బాపు విన్నాడు. జాడీలో వేలు పెట్టి చూశాడు. "గింత సల్లటి నీళ్లు ఒక్కసారే పోసినవా? మన దిక్కు ప్రొద్దుటూరు కెల్లి ఎద్దును తెచ్చినప్పుడు దాని పాత గడ్డి మోపు గూడ బండిల ఏసుకొచ్చినం, యాదికున్నదా? వారం దినాలు పాత గడ్డిల మన గడ్డి జర జర కలిపి ఏస్తిమి. ఎద్దుకొక నీతి, చేపకొక నీతా?" అన్నాడు. పెంట మీది ఆకు తీసి చేతిలో తిప్పాడు. "ఇది బాదమాకు. మన చర్చి వాకిట్ల చెట్టుది గూడ గిట్లనే ఉంటది గదా." అవ్వ చీపురు పట్టుకుని వాకిలి ఊడ్చినచోటే మళ్లీ ఊడ్చింది.

నాకు ఏడుపొచ్చింది. ఆమె చెప్పిన మూడు మాటల్లో ఒక్కటీ నిలబెట్టలేదు. పాత నీళ్లు మట్టిలో ఇంకిపోయాయి. చర్చి ఆవరణలో రాలిన ఎండుటాకులు ఏరుకొచ్చి, మరగబెట్టి, చేపకు అలవాటైన ఆ డికాక్షన్ రంగే నీళ్లకు తెచ్చాను. ఒక రోజంతా వెడల్పు గిన్నెలో చల్లారనిచ్చాను. చేపను చిన్న గిన్నెలోకి తీసి పూటకొక గ్లాసు చొప్పున ఆ నీళ్లు కలిపాను. తొట్టిలో పుట్టే దోమపిల్లలను వడగట్టి వేస్తే నాలుగు రోజులు ముట్టలేదు. ఐదో రోజు పైకొచ్చి గుటుక్కున ఒకటి మింగింది. బాపును కేకేసి చూపించాను. జాడీలోకి మార్చడానికి ఇంకో పదిహేను రోజులు ఆగాను.

నెలలు గడిచాయి. ఊడిన తోక మళ్లీ మొలిచింది, కానీ నీలంగా కాదు, కుంకుమ రంగులో. ఒళ్లు కూడా నల్లబడింది. అయితే ఏం, బతికింది. జాడీ దగ్గర వేలు పెడితే ఎగిరి పడేది. ఆమెకు అప్పగించే రోజు కోసం నేనే ఎదురుచూశాను.

గొడవలు కాస్త సద్దుమణిగాక ఆమె జీపులో వచ్చింది. డాక్టరు గారికి వాళ్ల వైపు బదిలీ అయిందట. చెప్పులు విడవకుండానే జాడీ దగ్గరికి వెళ్లింది. వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది నాది కాదు" అంది.

"మీదే అక్కా."

"నాది నీలం. తోక చివరిదాకా నీలమే. చచ్చిపోయిందని చెబితే నేనేమైనా అనేదాన్నా చెల్లీ? ఇంకోదాన్ని తెచ్చి పెట్టి నన్ను నమ్మించాలా?"

ఎందుకు రంగు మారిందో చెప్పాలంటే తోక ఎందుకు ఊడిందో చెప్పాలి. అది చెప్పాలంటే ఆకు ఎందుకు పారేశానో, ఆమెను నేను ఏమనుకున్నానో చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అవ్వ ఏదో అనబోతే కళ్లతోనే ఆపాను.

ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఇక్కడివాళ్లను నమ్మొద్దని మా ఆయన ఎన్నిసార్లన్నా నీ పేరు చెప్పే పోట్లాడాను" అంది. ఆ మాటలో కోపం లేదు. కోప్పడినా బాగుండేది.

చేపను తీసుకోకుండానే జీపు ఎక్కింది. బండి మలుపు దగ్గర గేదెలు అడ్డమొచ్చి ఆగింది. నాలుగడుగులు పరుగెత్తితే అందుకునేదాన్ని, ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. సిగ్గేసి వెళ్లలేదు.