గేటు దగ్గర బెల్లం ముక్క

మా పేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో డ్యూటీ దిగినవాడి చేతిలో గేటు దగ్గర ఒక బెల్లం ముక్క పెడతారు. అది తింటే గొంతులో దుమ్ము కిందికి జారిపోతుందని మా అందరి నమ్మకం. జారి ఎక్కడికి పోతుందని అడిగేంత చదువు నాకు లేదు, ఏడో తరగతితోనే బడికి దండం పెట్టేసా.

మా అక్క మొగుడూ నేనూ ఒకే ప్యాకింగ్ షెడ్డులో బస్తాలెత్తేవాళ్ళం. బావకి వత్సవాయి వైపు పత్తి చేను ఉండేది. పక్కన క్వారీ తవ్వాక ఆకు మీద తెల్లదుమ్ము మిగిలింది, బోరులో నీళ్ళు మిగల్లేదు. చేను ఫ్యాక్టరీకే అమ్మి, అందులోనే కాంట్రాక్టు కూలీగా చేరాడు. "చేను లోపలికి పోయిందిగా, వెతుక్కుంటా నేనూ వచ్చా" అనేవాడు.

బూటులో సిమెంటు పడి, చెమటకి ఒరుసుకుని, బావ కాలి బొటనవేలు పుండైంది. ఎంతకీ మానకపోతే నా బండి మీద నందిగామ తీసుకెళ్ళా. డాక్టరు రక్తం పరీక్ష చేయించి, సుగర్ అన్నాడు.

"గొప్పోళ్ళ జబ్బు బావా. ఎదిగాం మనం" అన్నా.

బావ నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. "తీపి తింటారా?"

"తీపంటూ ఏం లేదండి. రోజూ బెల్లం ముక్క. మందులాగా."

"మానెయ్యాలి. లేకపోతే కాలు దక్కదు."

"మరి దుమ్మెలాగండి?"

"దుమ్మూ మానెయ్యండి."

బావ నా వంక చూసాడు, ఏదో ఒక జోకు వెయ్యరా అన్నట్టు. నేను మందుల చీటీ అందుకున్నా.

దుమ్ము మానితే పొయ్యి వెలగదు గనక బెల్లమే మానాడు. తన ముక్క తీసి నాకిచ్చేవాడు. కానీ దగ్గొచ్చిన ప్రతిసారీ బెల్లం తినకపోబట్టే అని హడలిపోయేవాడు. ఒకరోజు బండెక్కుతుంటే బుగ్గ ఉబ్బెత్తుగా కనపడింది.

"ఏంది బావా అది?"

"వక్క."

"వక్క బెల్లం వాసనొస్తందే?"

"మీ అక్కతో చెప్పమాకురా. ఊపిరాడక పోయేకంటే కాలు పోవడం నయం."

ఆ సాయంత్రమే అక్కతో చెప్పా. అక్క ఏడ్చింది, తిట్టింది, ఒట్టేయించుకుంది. అప్పటికే వేలు నల్లబడింది. ముందు ఆ వేలు తీసేసారు, తర్వాత దాని పక్కవేలు. బూటు పట్టని కాలికి గేటు పాసు లేదన్నాడు కాంట్రాక్టరు.

ఇప్పుడు బావ ఇంట్లోనే మంచం మీద ఉంటాడు. దుమ్మూ మానాడు, బెల్లమూ మానాడు. దగ్గు మాత్రం మానలేదు. నేను వెళ్ళగానే అడుగుతాడు.

"ఒరేయ్, ఇవాళ బెల్లం ఎట్టా ఉందిరా?"

"అంతా ఇసక, బావా. నోట్లో పెట్టలేకపోయాం."

"అట్టాగా" అని తృప్తిగా తలూపుతాడు.

వీధి చివర బండి ఆపి, నోరు పుక్కిలించుకుని గానీ నేను వాళ్ళ గుమ్మం ఎక్కను. వాసన పట్టేస్తాడని.